గడి లేని రిజిస్టరు

మా వాడల పొద్దున్నే రెండుసార్లు ఊకుడు.
ఒకటి రాత్రి పడ్డదానికి,
ఇంకోటి ఊకుతుంటె పడ్డదానికి.

బుధారం సూదుల దినం.
మంచు డబ్బా భుజానికేసుకొని
బూడిద చెరువు కట్ట కింది నుంచి నడుస్త.
గాలి రామగుండం దిక్కు నుంచి తిరిగిందంటె
ఉతికి కట్టుకున్న చీర
అంగన్‌వాడీ చేరేసరికి ఎవరిదో పాత చీర అయితది.

ఓదెమ్మ మనుమరాలు రిత్విక, నాలుగేండ్లు.
కార్డుల అన్ని గడులు నిండినయి.
నా చేతిరాతే, నా సంతకమే.
తట్టు సూది రెండు మార్లు:
తొమ్మిదో నెలల ఒకటి, ఏడాదిన్నరకు ఒకటి.
అయినా మొన్న మాఘమాసంల
చెవుల ఎనుక మొదలయి ఒళ్లంత పొక్కింది.

ఓదెమ్మ తిట్టలే. తిడితె బాగుండు.
కార్డు తెచ్చి నా ఒళ్లె పెట్టి
"నువ్వు రాసింది నువ్వే సదువు బిడ్డా" అన్నది.
సదివిన, తారీఖులతోటి సహా.
మందు మంచిదే. మంచు కరగలే.
నా చెయ్యి వణకలే.

కరీంనగర్ దవాఖానల డాక్టరమ్మను అడిగిన.
"సూది పాఠం చెప్తది, నేర్చుకునేది ఒళ్లు.
పొగల, దుమ్ముల పెరిగిన ఒళ్లు
ఒక్కొక్కపారి సగమే నేర్చుకుంటది.
ఈ పిల్లకు అట్లనే అయ్యిందని చెప్పలేను.
కాలేదని గూడ చెప్పలేను."

ఈ మాట ఓదెమ్మకు ఎట్ల చెప్పాలె?
బస్సుల వచ్చుకుంట మూడు తీర్ల అనుకున్న.
నేను నోరు తెరవకముందే
గడప మీద కూసొని, తొవ్వ దిక్కు చూసుకుంట
ఆమెనే చెప్పింది:

"మా కర్రెకుక్క యాదికుందా?
బూడిద లారీలు షురువైన ఏడు
రాత్రి రాత్రంత మొరిగేది.
ఒకటి పోయిందనంగ ఇంకోటి.
ఆర్నెల్లకు గొంతు పోయింది.
అడివిపిల్లి కోళ్లను ఎత్తుకపోయిన నాడు
వాకిట్లనే పండుకొని కండ్లు తెరిచి చూసింది,
లేవలే.
ఆఖరికి ఇంట్లోళ్లనే కరవవట్టె.
పిల్ల ఒంట్ల గూడ అసొంటి కుక్కే ఉన్నదేమో."

పన్నెండేండ్ల కొలువుల
ఇంత సక్కటి ట్రైనింగు నాకెవ్వరు ఇయ్యలే.

అప్పట్నుంచి ఆ మొరుగుడు ఇనవడ్తనే ఉన్నది.
కొమురయ్య కొడుకు ఎప్పటికీ ఆరని ముక్కుల.
బూడిద ఇటుకలు చేసే రాజేశ్వరి
సంకల పిల్ల గురకల.
ఐదో తరగతి పిలగాని సంచిల, పెన్సిళ్ల పక్కన
దాసిపెట్టుకున్న దమ్ము పంపుల.
ఎవరినీ ఏమనని మోచేతి మడతల
ఉత్తగనే పగిలే తోలుల.
దొంగ ఎవడో, ఇంటోడు ఎవడో
గుర్తువట్టని మొరుగుడు.

రిజిస్టరుల పేరుకు గడి ఉన్నది,
తండ్రి పేరుకు, బరువుకు, మందు నంబరుకు ఉన్నది.
గాలికి లేదు.
నెలాఖరు మీటింగుల లేచి అడిగిన.
"ఫార్మాటు పైనుంచి వస్తదమ్మా" అన్నరు.
"బూడిద గూడ పైనుంచే వస్తది సార్" అన్న.
నవ్విండ్రు. చాయ్ వచ్చింది.

ఇయ్యాల మళ్ల బుధారం.
రిత్విక లేసి తిరుగుతున్నది.
వాళ్ల నాయిన బండి సీటు మీద
రాత్రి పడ్డ బూడిదల వేలుతోటి
అ రాసింది, ఆ రాసింది,
ఇ కాడ తుమ్మింది.
అచ్చరాలన్ని లేచి
దాని మొఖం మీదనే పడ్డయి.

కొంగుతోటి తుడిచిన.
కార్డు అడిగి తీసుకొని
గడుల అవతల, అంచున,
చిన్నగ "గాలి" అని రాసిన.
తారీఖు ఏసి సంతకం పెట్టిన.

నా ఎనుక
ఓదెమ్మ రెండో ఊకుడు మొదలువెట్టింది.